వణికే చేతికి మధ్యగతం సాయం

పీలేరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "తలకోన జలపాతం దగ్గర ట్రైపాడ్ లేకుండా మూడు ఎక్స్‌పోజర్లలో (వెలుగు ఒకసారి తక్కువ, ఒకసారి మధ్యస్థం, ఒకసారి ఎక్కువ పడేలా) మూడు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి హెచ్‌డీఆర్‌గా (వెలుగూ చీకటీ రెండూ కనపడే ఒకే ఫోటోగా) కలిపితే కొమ్మలకి రెండేసి అంచులు వచ్చాయి. ఒక్కోసారి మాత్రం బ్రహ్మాండంగా కుదురుతోంది. చేత్తో తీస్తే అసలు కుదురుతుందా, కుదరదా?"

కుదురుతుంది. ఎందుకు కుదురుతుందో తెలుసుకుంటే, ఎప్పుడు బెడిసికొడుతుందో కూడా తెలుస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన చిన్న లెక్క ఒకటి ఇందులో దాగి ఉంది. అందుకే జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

తలకోనలో నీళ్లు 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. తల ఎత్తితే కళ్లు చెదిరే ఆకాశం, దించితే బండల సందుల్లో చిక్కటి చీకటి. మంచి కెమెరా సెన్సర్ అతి తక్కువ ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) దగ్గర 14 స్టాపుల దాకా పట్టుకోగలదు. ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు కాబట్టి అది సుమారు 16 వేల రెట్ల తేడా. ఐఎస్‌ఓ పెంచేకొద్దీ ఈ పరిధి తగ్గిపోతుంది. ఫోన్ సెన్సర్‌కి మొదటి నుంచీ తక్కువే. అందుకే ఆకాశం కోసం ఒకటి, చీకటి కోసం ఒకటి, మధ్యలో ఒకటి తీసి కలుపుతాం. పాచి పట్టిన బండల మీద, స్నానం చేసి వచ్చే జనం మధ్య ట్రైపాడ్ నిలబెట్టడం అయ్యే పని కాదు. కలిపాక రంగులు ఎలా దిద్దుకోవాలన్నది యూట్యూబ్ నిండా ఉంది, దాన్ని వదిలేస్తాను.

ముందు చేతి సంగతి చూద్దాం. ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యి అయినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. మనం గట్టిగా అనుకున్నంత మాత్రాన అది ఆగదు. ఊపిరి బిగబడితే చెయ్యి కదలదని చాలామంది నమ్మకం. ఎక్కువసేపు బిగబడితే కండరాలు బిగుసుకుని వణుకు పెరుగుతుంది. మెల్లగా ఊపిరి వదులుతూ, మోచేతులు పక్కటెముకలకు ఆనించి నొక్కడం మేలు. మధ్య ఫోటో 1/60 సెకనులో తీస్తే, రెండు స్టాపులు తక్కువది 1/250, రెండు స్టాపులు ఎక్కువది 1/15 అవుతుంది. ఆ 1/15 సెకనులో చెయ్యి సగం ఊపు పైనే ఊగేసి ఉంటుంది. ఒక్క ఫ్రేము (అంటే ఒక్క ఫోటో) లోపలే అలా అలుక్కుపోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. అందుకే ఐఎస్‌ఓని 100 నుంచి 400కి పెంచండి. అప్పుడు మూడూ 1/1000, 1/250, 1/60 అవుతాయి. కాస్త నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, రానివ్వండి. వైడ్ లెన్స్‌తో 1/60 చేతికి లొంగే వేగమే.

ఇక ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య జరిగిన కదలికను కంప్యూటర్ సరిచేయగలదు. నా ఇష్టమైన లెక్క ఇక్కడే ఉంది.

రెండు ఫోటోలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చాలంటే ముందు పోల్చాలి. దేన్ని చూసి పోల్చాలి? ఒకే బండ ఒక ఫోటోలో 40 విలువతో నల్లగా, ఇంకోదాంట్లో 160 విలువతో తెల్లగా ఉంది. అంచులను చూసి పోలుద్దామంటే, తక్కువ ఎక్స్‌పోజర్‌లో కొమ్మల అంచులు చీకట్లో కలిసిపోయాయి, ఎక్కువ ఎక్స్‌పోజర్‌లో ఆకుల అంచులు ఆకాశంలో కలిసిపోయాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు గ్రెగ్ వార్డ్ 2003లో, సరిగ్గా చేత్తో తీసిన ఫోటోల కోసమే, ఒక ఉపాయం ప్రచురించారు. విలువల జోలికి పోకుండా ర్యాంకులు చూడమన్నారు.

ఒక పరీక్ష హాలు అనుకోండి. అవే పేపర్లను చండశాసనుడైన మాస్టారు ఒకసారి, ధారాళంగా మార్కులు వేసే దయగల మాస్టారు ఒకసారి దిద్దారు. మార్కులు ఎక్కడా కలవవు. కానీ ఎవరికంటే ఎవరు ముందున్నారన్న వరుస మారదు. ఇప్పుడు సరిగ్గా మధ్య ర్యాంకు దగ్గర గీత గీసి, పైవాళ్ల సీట్లకు 1, కిందివాళ్ల సీట్లకు 0 వేయండి. ఇద్దరు మాస్టార్ల సీటింగ్ చార్టులూ ఒకేలా వస్తాయి. ఆ మధ్య విలువే మధ్యగతం. ఫోటోలో సీటు అంటే పిక్సెల్, మార్కు అంటే వెలుగు, మాస్టారు అంటే ఎక్స్‌పోజర్. ఎక్కువ వెలుగు పడ్డ పిక్సెల్, ఏ ఎక్స్‌పోజర్‌లోనైనా తక్కువ వెలుగు పడ్డదాని కంటే ముందే ఉంటుంది. కాబట్టి రెండు చార్టులను ఒకదాని మీద ఒకటి పెట్టి అటూఇటూ జరిపి, ఎక్కడ 0కి 0, 1కి 1 బాగా కలిస్తే అక్కడ ఆపాలి.

పదో తరగతిలో మధ్యగతాన్ని పట్టిక వేసి, సూత్రం బట్టీ పట్టించి, నాలుగు మార్కుల లెక్కగా ముగించేస్తాం. సగటుకు లేని ఏ బలం దానికి ఉందో పిల్లలకు చెప్పం. సగటు మాస్టారి దయను బట్టి మారుతుంది. మధ్యగతం దగ్గర నిలబడ్డ పిల్లవాడు మారడు. ఇది చెబితే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

జరపడంలోనూ తెలివి ఉంది. వార్డ్ ముందు రంగు ఫోటోను నలుపు-తెలుపు చేశారు: 256 వంతుల్లో ఎరుపుకు 54, ఆకుపచ్చకు 183, నీలానికి 19. తర్వాత ఫోటోను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి తగ్గిస్తూ, అసలు ఫోటోతో కలిపి ఆరు అంతస్తులు కట్టారనుకుందాం. అన్నిటికంటే చిన్న ఫోటోలో ఒక్క పిక్సెల్ జరిపితే అది అసలు ఫోటోలో 32 పిక్సెళ్లు. ఒక్కో అంతస్తులో ఉన్నచోటు, దాని చుట్టూ ఎనిమిది దిక్కులు, మొత్తం తొమ్మిది చోట్లే పరీక్షిస్తారు. గెలిచిన చోటును రెట్టింపు చేసి కింది అంతస్తుకు దిగుతారు. ఆరు అంతస్తులకు 54 పోలికలతో ఎటువైపైనా 63 పిక్సెళ్ల దాకా జరుగుడు దొరికిపోతుంది. ఒక్కొక్కటిగా వెతికితే 127 × 127, అంటే 16,129 పోలికలు చేయాలి. పైగా పోల్చేవి 0, 1 మాత్రమే కాబట్టి కంప్యూటర్ ఒకే దెబ్బకి 32 పిక్సెళ్లను పోల్చేస్తుంది.

ఇది బెడిసికొట్టే చోట్లు కూడా పరీక్ష హాల్లోనే ఉన్నాయి. దయగల మాస్టారు సగం మందికి పైగా నూటికి నూరు వేసేశారనుకోండి. మధ్య ర్యాంకు ఎవరిదని చెప్పగలరు? ఎక్కువ ఎక్స్‌పోజర్ ఫోటోలో సగానికి పైగా తెల్లగా కాలిపోతే జరిగేది అదే. కెమెరాలో హిస్టోగ్రామ్ (ఎడమ నుంచి కుడికి చీకటి నుంచి వెలుగు దాకా పిక్సెళ్లు ఎన్నెన్ని ఉన్నాయో చూపే బొమ్మ) చూడండి, కుడిగోడకు గుట్టగా అంటుకుంటే ఒక స్టాప్ తగ్గించండి. ఇక సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లలు అర మార్కు తేడాకి గీతకు అటూఇటూ గెంతుతారు. పిక్సెళ్లలో ఆ అర మార్కు నాయిస్. అందుకే మధ్యగతానికి మరీ దగ్గరున్న పిక్సెళ్లను వార్డ్ లెక్కలోంచి తీసేశారు. మూడోది, రెండు దిద్దుబాట్ల మధ్య సీటు మారిన పిల్లవాడు. గాలికి ఊగిన కొమ్మ, నడిచిపోయిన మనిషి. ఫోటోలన్నీ సరిగ్గా పేర్చినా అక్కడ నీడలాంటి రూపం మిగులుతుంది.

అలిపిరి మెట్ల దారిలో రాత్రి తీశామంటూ, అవతలి మెట్లు కనపడేంత పలచటి మనిషి రూపంతో ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, ఆత్మ అని రాసి. భయపడి నడక మానుకున్నవాళ్లు నాకు తెలుసు. ఫోన్ నైట్ మోడ్ ఒక్క నొక్కుకి వరుసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. కొన్ని ఫ్రేముల్లో ఉండి మిగతావాటిలో లేని మనిషి ఒక్కోసారి అలా పలచగా పడతాడు. అటువంటి ఫోటో వస్తే దయచేసి ఈ సంగతి చెప్పి పంపండి.

పక్కకు జరగడం వేరు, మెలి తిరగడం వేరు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటో ఒక్క డిగ్రీ తిరిగితే మధ్యలో ఏమీ జరగదు, అంచున 50 పిక్సెళ్లకు పైగా జరుగుతుంది. ఉత్త జరుపుడుతో అది సర్దుకోదు, తిప్పి కూడా చూసే సాఫ్ట్‌వేర్ కావాలి. అంతకంటే కష్టమైనది అడుగు మారడం. నిలబడ్డ చోటు మారితే దగ్గరి కొమ్మ, దూరపు జలపాతం వేర్వేరుగా జరుగుతాయి. మొత్తం ఫోటోను ఎంత జరిపినా, ఎంత తిప్పినా ఆ రెండూ ఒకేసారి కుదరవు. పాఠకుడికి కొమ్మల్లో రెండంచులు రావడానికి ఇదో, గాలో, రెండూనో కారణమై ఉండాలి. దగ్గరి కొమ్మలను ఫ్రేములోంచి తప్పించి, కాళ్లు కదపకుండా, కెమెరాలో ఆటో బ్రాకెటింగ్ (ఎక్స్‌పోజర్‌ను కెమెరాయే మార్చుకోవడం), బర్స్ట్ (గబగబా వరుసగా తీయడం) రెండూ పెట్టి ఒక్క నొక్కుతో మూడూ తీసేయండి.

ఫోన్లు ఇంకో దారి పట్టాయి. గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన పద్ధతిలో ఫ్రేములన్నీ ఒకే చిన్న ఎక్స్‌పోజర్‌తో, ఆకాశం కాలిపోకుండా తీస్తారు. చీకట్లో నాయిస్‌ని సగటుతో అణుస్తారు. తొమ్మిది ఫ్రేములు కలిపితే నాయిస్ మూడో వంతుకు, పదహారు కలిపితే నాలుగో వంతుకు పడిపోతుంది. 2018లో గూగుల్ వారి పిక్సెల్ 3 అనే ఫోన్‌లో ఇంకో అడుగు వేశారు. చేతి వణుకుతో ఒక్కో ఫ్రేము పిక్సెల్‌లో కొంత భాగం మేర జరుగుతుంది కదా, ఆ జరుగుడునే వాడుకుని జూమ్ ఫోటోకి అదనపు వివరాలు రాబట్టారు. ఫోన్‌ని కదలకుండా ఎక్కడైనా ఆనించి పెడితే, లెన్స్‌ని నిలకడగా ఉంచే మోటారుతోనే లెన్స్‌ని కావాలని కదిపిస్తారు!

ఈ పద్ధతి పెద్ద కెమెరాతో కూడా చేయొచ్చు. 1/250 దగ్గర, రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టినదాన్ని దిద్దకుండా దాచే ఫైలుగా), బర్స్ట్‌గా తొమ్మిది తీసి ఇంట్లో పేర్చి సగటు చేయండి. బండలు, చెట్ల మొదళ్లు శుభ్రంగా వస్తాయి. నీళ్లు మాత్రం సగటులో మెత్తగా సాగిపోతాయి. తుంపరలు విడివిడిగా కనపడాలంటే జలపాతం వరకు ఒక్క ఫ్రేములోంచే తీసుకుని అతికించండి.