లారీ హబ్ బేరింగ్: మన డెల్టాలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పాలకొల్లు - భీమవరం రోడ్డు మీద నా షెడ్డు. చేపల ట్రేలు మోసే పికప్‌లు, చెరువులకు మేత బస్తాలు తోలే మినీ ట్రక్కులు, చించినాడ వంతెన దాటి కోనసీమ నుంచి కొబ్బరికాయ లోడుతో వచ్చే లారీలు... రోజూ నా చేతుల్లో పడేవి ఇవే. ఈ మధ్య చాలామంది హబ్ బేరింగ్‌ని, అంటే చక్రం మధ్యలోని హబ్బు ఇరుసు మీద సాఫీగా తిరగడానికి లోపల ఉండే రోలర్ల చుట్టను, ఇంటి దగ్గరే మార్చుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ నలుగురి నోటా విన్న మాటలు నమ్మి మొదలుపెడితే మాత్రం ప్రమాదం. బేరింగ్ పట్టేస్తే చక్రమే ఊడి రావచ్చు. అది ఎదురుగా స్కూలు పిల్లల ఆటో మీదకు దొర్లినా దొర్లుతుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: కిలోమీటర్లు బాగా తిరిగితేనే బేరింగ్ పోతుంది

మన ప్రాంతంలో బేరింగ్‌ని తినేసేది కిలోమీటర్ల కంటే ఎక్కువగా నీళ్ళు.

హైవే మీద లోడుతో వచ్చిన బండికి బ్రేకుల వేడితో హబ్బు కాలిపోతూ ఉంటుంది. డ్రైవరు దాన్ని తిన్నగా కాలువ రేవులోకి దింపి కడుగుతాడు. హబ్బు లోపల వేడికి వ్యాకోచించిన గాలి, చన్నీళ్ళు తగలగానే ఒక్కసారిగా సంకోచిస్తుంది. ఆ ఖాళీని నింపడానికి బయట నుంచి ఏదో ఒకటి లోపలికి రావాలి. అప్పుడు ఆయిల్ సీల్ (గ్రీజు బయటకు, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రింగు) చుట్టూ ఉన్నవి నీళ్ళే కదా, అవే వెళ్తాయి. సీల్ కొంచెం అరిగి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అలాంటి హబ్బు విప్పితే గ్రీజు మజ్జిగలా తెల్లగా విరిగిపోయి కనిపిస్తుంది.

దీనికి తోడు ఉప్పు. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బళ్ళకీ, ట్రేల నుంచి ఐసు నీళ్ళు కారే బళ్ళకీ తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. ‘బేరింగ్ గట్టి స్టీలు కదండీ, తుప్పెందుకు పడుతుంది’ అని అడుగుతారు. మామూలుగా బేరింగులకు వాడే స్టీలులో క్రోమియం 1.5 శాతం దగ్గర ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కావాలంటే కనీసం 10.5 శాతం ఉండాలి. అందుకే అది గట్టిదే గానీ, నీటికి ఆగదు.

నీళ్ళు దిగిన బండి కదలకుండా నిలబడి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. విప్పి కప్పు (రోలర్లు దొర్లే బయటి స్టీలు రింగు) తుడిచి వెలుతురులో పెట్టి చూడండి. రోలర్లు ఎంతెంత ఎడంలో ఉంటాయో సరిగ్గా అంతే ఎడంలో నల్లటి అడ్డగీతలు కనిపిస్తాయి. వేలిగోరు ఆ గీతల దగ్గర తట్టుకుంటుంది. రోలర్ వాటి మీదుగా దొర్లిన ప్రతిసారీ దెబ్బ తగిలి, కొన్నాళ్ళకు ఆ చోటే పెచ్చులు లేస్తుంది. 2022 జూలై వరదలాంటిది వచ్చినప్పుడు లంకల్లో బండి ఇరుసు దాకా మునిగిందంటే, ఇంజను స్టార్ట్ అయింది కదా అని వదిలెయ్యకండి. నాలుగు హబ్బులూ విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు, కొత్త సీళ్ళు వేయించండి.

రేవులో కడగొద్దని నేను అనను. కనీసం అరగంట, గంట ఆగి, హబ్బు చల్లారాక దింపండి.

అపోహ: కింద నుంచి శబ్దం వస్తే బేరింగే

టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అచ్చం అలాగే మూలుగుతుంది. తేడా పట్టుకోవడానికి ముందు చెవి వాడండి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే శబ్దం మారితే టైరును అనుమానించాలి. రోడ్డు ఏదైనా ఒకేలా ఉండి, స్పీడుతో పాటు పెరుగుతూ, స్టీరింగు ఒక పక్కకు కొంచెం తిప్పగానే హెచ్చితే బేరింగ్. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి, అప్పుడు పెరిగే శబ్దం ఎక్కువగా కుడివైపుదే.

తర్వాత జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే ఒకర్ని బండెక్కి బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఊగడం ఆగితే లూజు బేరింగ్‌లో ఉంది. అయినా ఊగుతుంటే తప్పు చక్రం పక్కలకు తిరిగే కీళ్ళదే, కింగ్‌పిన్నో, బాల్ జాయింటో. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా మంచి బేరింగులు తీసి పారేసినవాళ్ళు ఎంతోమంది.

అపోహ: ఏ బండికైనా ఇంట్లో మార్చేసుకోవచ్చు

ముందు మీ బండిలో ఏ రకం ఉందో చూసుకోండి. ముందు హబ్బులో లోపలొకటి, బయటొకటి టేపర్ రోలర్ బేరింగులు (రోలర్లు ఏటవాలుగా ఉండే రకం) ఉంటే ఓపికున్న మనిషి ఇంటి దగ్గర చేసుకోవచ్చు. మొత్తం హబ్బే బోల్టులతో ఊడొచ్చే సీల్డ్ యూనిట్ అయితే ఇంకా తేలిక, కాకపోతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) ఉండి తీరాలి. దాని మధ్య నట్టు చెప్పిన టార్కుకు బిగించకుండా చక్రం నేల మీద ఆనించి బండిని కదిలిస్తే కొత్త యూనిట్ అక్కడే పాడవుతుంది. నకిల్‌లోకో (హబ్బును పట్టి ఉంచే స్టీరింగు భాగం), యాక్సిల్ షాఫ్ట్ మీదకో నొక్కి కూర్చోబెట్టే రకమైతే ప్రెస్ ఉన్న షెడ్డుకే తీసుకెళ్ళండి. సుత్తితో అది సరిగ్గా కూర్చోదు.

ఇంకో మాట. మనది నల్లమట్టి నేల. వానాకాలం పెరట్లో జాకీ పెడితే బరువు పడేకొద్దీ దిగబడుతుంది. సిమెంటు గచ్చు లేకపోతే జాకీ కిందా, స్టాండ్ల కిందా మందపాటి చెక్క పలకలు వెయ్యండి. లోడు ముందే దింపెయ్యండి. మిగతా చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టండి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి స్టాండు ఉండాల్సిందే. ఒట్టి జాకీని నమ్మి బండి కింద తల పెట్టకండి.

అపోహ: లోపలి ముక్క మారిస్తే చాలు, హబ్బులో కప్పు బాగానే ఉంది

కోను (రోలర్లు ఉండే లోపలి ముక్క), కప్పు ఒక జత. పాత కప్పులో కొత్త కోను వేస్తే కప్పు మీద ఉన్న గుంటలు కొత్త రోలర్లకు ఎక్కుతాయి. ఆయిల్ సీల్ కూడా ప్రతిసారీ కొత్తదే.

కప్పును బయటకు తియ్యడానికి లోపల నుంచి ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొట్టుకుంటూ రావాలి. కొత్త కప్పును ఓ రాత్రి ఫ్రిజ్ డీప్‌లో ఉంచితే కొద్దిగా కుంచించుకుని తేలిగ్గా దిగుతుంది. మన గాలిలో తేమకు బయట పెట్టగానే చెమ్మ పడుతుంది కాబట్టి తుడిచి పల్చగా ఆయిలు రాయండి. పాత కప్పు అంచును గ్రైండర్‌తో కొంచెం తగ్గించి, దాన్ని కొత్త కప్పు మీద పెట్టి కొడితే దెబ్బ సమానంగా పడుతుంది. దిగుతున్నంతసేపూ ‘టక్ టక్’ మనే శబ్దం, అడుగు తగలగానే ఖంగుమని మారుతుంది. ఆ మార్పు వినిపించేదాకా ఆపకండి. గ్యాస్ మంటతో మాత్రం బేరింగ్‌ని వేడి చెయ్యొద్దు. 125 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని గట్టిదనం, కొలత రెండూ దెబ్బతినొచ్చు.

అపోహ: నట్టు ఎంత బిగిస్తే అంత భద్రం

టేపర్ బేరింగ్ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. పైపు తగిలించి, బలమంతా పెట్టి బిగించేస్తారు. రోలర్లు నలిగిపోయి, గ్రీజు కరిగి, బేరింగ్ నీలం రంగుకు తిరుగుతుంది. చివరికి స్టబ్ యాక్సిల్ (హబ్బు కూర్చునే ఇరుసు కొస) మీదే పట్టేస్తుంది. మరీ లూజుగా వదిలితే బరువంతా ఒకటి రెండు రోలర్ల మీద పడి అవి పగులుతాయి.

పద్ధతి ఇది. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించండి, తిప్పడం ఆపొద్దు. అప్పుడే రోలర్లు తమ చోట్లో సర్దుకుంటాయి. తర్వాత నట్టు వదులు చేసి, మళ్ళీ మీ బండి మాన్యువల్ చెప్పినంత మాత్రమే బిగించండి. చాలా ట్రక్కులకు చివరికి మిగలాల్సిన ప్లే (ఇరుసు వెంట హబ్బు అటూ ఇటూ కదిలే సందు) 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అది చేతికి తెలిసేది కాదు, డయల్ గేజ్‌తో కొలవాలి. కొన్ని బళ్ళకు ప్లే అసలు ఉండకూడదు కూడా. అందుకే మాన్యువల్ దగ్గర పెట్టుకోమంటున్నాను. స్ప్లిట్ పిన్ కొత్తది వెయ్యండి. బెండు తీసి పాతదే దూర్చొద్దు.

అపోహ: గ్రీజు ఎంత ఎక్కువుంటే అంత మంచిది, ఎర్రదైతే ఇంకా మంచిది

రంగు ఒట్టి రంగే. చూడాల్సింది డబ్బా మీద వీల్ బేరింగ్‌కి పనికొస్తుందని రాసి ఉందా లేదా అన్నది. గన్నుతో కొట్టే మామూలు చాసిస్ గ్రీజు వేడికి కరిగి కారొచ్చు. కోనును అరచేతిలో గ్రీజుకు అదిమి, రోలర్ల మధ్య నుంచి రెండో వైపు పైకి ఉబికి వచ్చేదాకా నింపండి. హబ్బు ఖాళీలో మాత్రం మూడో వంతు నుంచి సగం దాకా చాలు. నిండా కుక్కితే ఆ గ్రీజు చిలికినట్టై వేడెక్కి, సీల్ దాటి బ్రేకు లైనింగుల మీదకు పోతుంది. పాత గ్రీజు మీద కొత్త రకం కలపొద్దు. పాతదంతా కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరాకే కొత్తది. ఆరబెట్టేటప్పుడు గాలి గొట్టం పెట్టి బేరింగ్‌ని గిరగిరా తిప్పడం పిల్లలకు సరదా. దయచేసి తిప్పనివ్వకండి. కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) విడిపోయి రోలర్లు తూటాల్లా వస్తాయి.

అపోహ: నంబరు కలిసింది కాబట్టి సరుకు అసలుదే

నంబరు కొలత చెబుతుంది, నాణ్యత కాదు. 30206 అంటే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు, బయట 62. ఎవరు చేసినా ఆ కొలతే. పేరున్న కంపెనీల డబ్బాలకు నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. మిగతావాటికంటే సగం ధరకే ఇస్తున్నాడంటే అక్కడే ఆగండి.

అపోహ: మార్చాక హబ్బు వేడిగా ఉందంటే నీళ్ళు చల్లితే సరి

నీళ్ళు ఎందుకు చల్లకూడదో పైన చెప్పాను. మొదటి 20, 30 కిలోమీటర్లు తిరిగాక బండి ఆపి, ముట్టుకోకుండా చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి రెండు వైపులా పోల్చండి. రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే అది బ్రేకుల వేడి, కంగారు లేదు. కొత్తది వేసిన వైపే ఎక్కువ కాలుతుంటే చల్లారాక జాకీ ఎత్తి, బ్రేకు పూర్తిగా వదిలి చక్రం తిప్పండి. బ్రేకు పట్టకపోయినా బిరుసుగా తిరుగుతుంటే నట్టు టైటైంది. విప్పి మళ్ళీ మొదటి నుంచి సెట్ చేసుకున్నాకే లోడు ఎక్కించండి.