గడప మీద కూర్చున్న కాలం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివిన మూడేళ్ల గురించి నేను రెండు కథలు చెప్పగలను. రెండూ నిజమే.

మొదటిది, ఊరికి తిరిగొచ్చిన కొత్తలో చెప్పిన కథ. డిగ్రీలో కాలేజీ ఫస్ట్ వచ్చాను. ఊళ్లో అందరూ ఆఫీసర్ అవుతాడన్నారు. నాన్న అప్పు తెచ్చి కోచింగ్ ఫీజు కట్టాడు. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ మెయిన్స్‌లో పోయింది. ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సెక్కి, పుస్తకాల అట్టపెట్టెతో ఇంటికొచ్చాను. ఎవరైనా అడిగితే ఇంతే చెప్పేవాణ్ని.

రెండోది ఇప్పుడు చెప్పే కథ. అందులోనూ అవే పరీక్షలు, అదే అప్పు, అదే బస్సు. కానీ కథ బస్సు దిగిన చోట ఆగదు. చిక్కడపల్లి లైబ్రరీలో పక్క కుర్చీ అబ్బాయికి ఎకానమీ అర్థమయ్యేదాకా చెప్పిన సాయంత్రాలు ఇందులోకి వచ్చాయి. ఊళ్లో ఇద్దరు పదో తరగతి పిల్లలు లెక్కలు చెప్పమని వచ్చి, మరుసటి నెలకు తొమ్మిది మంది అవడం వచ్చింది. ఇప్పుడు పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాను.

జరిగినవి మారలేదు. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, అది మారింది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన డాన్ మెక్‌ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా మామూలు మనుషుల జీవితకథలు వింటూ వస్తున్నారు. వాటిలో రెండు అల్లికలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయంటారు ఆయన. ఒకదాంట్లో మంచిగా మొదలైనది చెడుతో పాడవుతుంది, ఆ తర్వాత వెనుకటి మంచి కూడా చేదుగానే గుర్తొస్తుంది. ఇంకోదాంట్లో చెడు జరుగుతుంది, కానీ దాని నుంచే ఏదో ఒకటి మొలుస్తుంది. తమ బతుకును రెండో రకంగా అల్లుకున్నవాళ్లలో తృప్తి ఎక్కువగానూ, మొదటి రకంగా అల్లుకున్నవాళ్లలో దిగులు ఎక్కువగానూ కనిపించాయి. అల్లిక వల్ల తృప్తి వస్తుందా, తృప్తి ఉన్నవాళ్లే అలా అల్లుకుంటారా అన్నది అంత తేలిగ్గా విడదీయగలిగేది కాదు.

ఈ రెండో అల్లికకు దగ్గరగా ఉండే ఒక అచ్చు సినిమా వాళ్ల దగ్గర ఉంది. హీరో ప్రయాణం.

1949లో జోసెఫ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ పండితుడు ప్రపంచంలోని పురాణాలను, జానపద కథలను పక్కపక్కన పెట్టి, వాటన్నిటి అడుగునా ఒకే కథ ఉందని ఒక పుస్తకం రాశారు. ఆ మూలకథకు మోనోమిత్ అని పేరు పెట్టారు. ఒకడు తన మామూలు లోకం వదిలి వెళ్తాడు, తెలియని చోట చావుకు దగ్గరగా వెళ్లి పరీక్షలు దాటుతాడు, ఏదో సంపాదించుకుని, మారిన మనిషిగా తిరిగొస్తాడు. దీన్ని ఆయన 17 మెట్లుగా విడదీశారు. 1977లో స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకాస్ ఆ పుస్తకం తనకు దారి చూపిందని చెప్పడంతో హాలీవుడ్ అటు తిరిగింది. 1980ల్లో డిస్నీలో పనిచేసిన క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని 12 మెట్లకు కుదించి స్క్రిప్టు రాసేవాళ్ల కోసం కొద్ది పేజీల నోటు తయారుచేశారు. ఇప్పుడు స్క్రీన్‌ప్లే నేర్పే చోట ఆ మెట్లు వినబడకుండా ఉండవు.

మనకు మాత్రం ఈ అచ్చు అంతకుముందే తెలుసు. 1951లో వచ్చిన పాతాళభైరవి కాశీమజిలీ కథల వంటి మన జానపద సంప్రదాయంలోంచి పుట్టింది. తోట రాముడు రాజకుమారిని ప్రేమిస్తాడు, నాతో సమానంగా సంపద తెస్తే పిల్లనిస్తానంటాడు రాజు. రాముడు ఊరు దాటి, నేపాళ మాంత్రికుడి వెంట గుహలోకి వెళ్లి, తనను బలివ్వబోయినవాణ్నే బలిచ్చి, కోరినదిచ్చే విగ్రహంతో తిరిగొస్తాడు. మహలు లేస్తుంది, పెళ్లి కుదురుతుంది. మెట్ల లెక్క ప్రకారం సినిమా ఇక్కడ అయిపోవాలి.

కానీ అవదు. మాంత్రికుడు మళ్లీ బతికొస్తాడు. విగ్రహం చేయి మారుతుంది, మహలు పోతుంది, రాజకుమారి పోతుంది. రాముడు మొదట ఎక్కడున్నాడో అక్కడికే వస్తాడు, పైగా ఈసారి అందరూ చూస్తుండగా. ఇప్పుడు చేతిలో విగ్రహం లేదు. వెంట అంజిగాడున్నాడు. ఇద్దరూ మళ్లీ బయల్దేరతారు. చిన్నప్పుడు నాకు గుహ సీను ఇష్టం. పరీక్ష పోయాక చూసినప్పుడు ఈ రెండో బయల్దేరడం దగ్గర గొంతు పట్టేసింది. అడగ్గానే దొరికిన సంపద ఎలా వచ్చిందో అలాగే పోయింది, తోడు వచ్చిన మనిషి మాత్రం మిగిలాడు. కథ రాసినవాళ్లకు బతుకు బాగా తెలుసనిపించింది.

ఇంతకీ ఈ అచ్చు మన మనసుకు ఎందుకు ఇంత సులువుగా పడుతుంది? 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియన్ సిమెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బుల్లి సినిమా తీశారు. అందులో పెద్ద త్రిభుజం, చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులాంటిది ఉన్న ఒక దీర్ఘచతురస్రం, అంతే. ఆకారాలు అటూ ఇటూ కదులుతాయి. 34 మంది విద్యార్థినులకు చూపించి ఏం జరిగిందో రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ కథ రాశారు. పెద్దవాడు దౌర్జన్యం చేశాడని, ఆమె భయపడిందని, ఇద్దరూ తప్పించుకున్నారని. అట్టముక్కల కదలికలోనే నాయకుణ్నీ దుర్మార్గుణ్నీ చూసే మనసు, సొంత జీవితాన్ని వట్టి సంఘటనల జాబితాగా చూస్తుందా?

జ్ఞాపకం కూడా అటే లాగుతుంది. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొంత కాలం గడిచాక గుర్తున్నది రాయించారు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ రాతలున్నాయి. చదివినవాళ్లకు అలవాటు లేని పడవ మామూలు బోటు అయింది, సీళ్ల వేట చేపలు పట్టడం అయింది, అంతుపట్టని భాగాలు జారిపోయాయి. మనకు ముందే తెలిసిన కథల అచ్చులో ఒదిగినవి నిలిచాయి. నా మొదటి కథలో నాన్న ఉన్నది ఒక్క వాక్యంలో, అప్పు తెచ్చినవాడిగా. ఒక సంక్రాంతికి నేను ఊరికి రానంటే, సకినాల డబ్బా పట్టుకుని బస్సెక్కి అశోక్‌నగర్ గదికి వచ్చాడని, పరీక్ష సంగతి ఎత్తకుండా "తిన్నవా బిడ్డా" అని ఒక్కటే అడిగాడని చాలాకాలం నాకు గుర్తే లేదు. ఓడిపోయినవాడి కథలో సకినాల డబ్బాకు చోటు లేదు మరి. చోటు చేశాక గుర్తొచ్చింది.

ఇలా చోటు చేయించే పనిని బెంజమిన్ రోజర్స్, ఆయన తోటి పరిశోధకులు ప్రయోగంగా చేసి 2023లో ప్రచురించారు. క్యాంప్‌బెల్ మెట్లను వాళ్లు ఏడు అంశాలకు కుదించారు: కథ నడిపే మనిషి, మారిన పరిస్థితి, వెతుకులాట, తోడు నిలిచినవాళ్లు, ఎదురైన సవాలు, తనలో వచ్చిన మార్పు, ఇతరులకు మిగిల్చింది. ఒక్కోదాని మీదా ప్రశ్నలడిగి, జవాబులన్నీ కలిపి తమ కథగా రాయమన్నారు. అలా రాసినవాళ్లు తమ జీవితానికి అర్థం ఉందని ఎక్కువగా చెప్పారు, ఎదుట ఉన్న కష్టాన్ని తట్టుకోగలమన్న ధీమా కూడా పెరిగింది. మనుషులు ప్రశ్నపత్రంలో చెప్పుకున్నదే ఇక్కడి కొలత, అప్పు తీరిందనో ఉద్యోగం వచ్చిందనో కాదు. అయినా ఆ ఏడింటిలో 'తోడు' ఉండటం నాకు చాలా నచ్చింది. ఓడినప్పుడు మనం మొదట చెరిపేసేది వాళ్లనే.

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది వక్తలు ఆగి, "మీరే హీరో, లేవండి" అంటారు. నా అభ్యంతరాలు ఇక్కడే. అందులో ఒకటి క్యాంప్‌బెల్ మీదే ఉంది. కథలన్నిటి అడుగునా ఒకే కథ అన్నది గట్టి శాస్త్రం కాదు. ఒదిగిన కథలను ఏరుకుని ఒదగనివి వదిలేశారని జానపద పరిశోధకులు ఎప్పటినుంచో అంటున్నారు. ఆడవాళ్లు ఆ మెట్ల మీద ఎక్కువగా బహుమతులుగానే కనిపిస్తారు, మన రాజకుమారిలాగే. మోరీన్ మర్డాక్ 1990లో ఆడవాళ్ల ప్రయాణానికి వేరే పటం గీయాల్సి వచ్చింది. అయితే నాకు ఇంతకంటే పెద్ద అభ్యంతరం వేళ గురించి.

1986లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, డల్లాస్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ విద్యార్థులకు చాలా సులువైన పని ఇచ్చారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును బాగా గాయపరిచిన సంగతి గురించి రాయడం. రాసిన వెంటనే వాళ్లకు బాధ ఎక్కువైంది. ఆ తర్వాతి నెలల్లో మాత్రం, జరిగినదీ అనిపించినదీ రెండూ రాసినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాతి ఏళ్లలో ఇలాంటి రాతలను మాట మాటా లెక్కపెట్టి చూశారు పెన్నెబేకర్. 'ఎందుకంటే', 'ఇప్పుడు తెలిసింది' వంటి మాటలు మొదటి రోజు తక్కువగా ఉండి రోజులు గడిచేకొద్దీ పెరిగినవాళ్లకు మేలు ఎక్కువ జరిగింది. మొదటి రోజే తయారైన కథతో వచ్చినవాళ్లకు అంత మేలు కనబడలేదు. అంటే ఒక మంచి కథ చేతిలో ఉంటే చాలదు. తడబడుతూ దాన్ని తానే అల్లుకోవాలి. అల్లడంలోనే మందుంది.

ఇంకో ఆధారం దీనికంటే కఠినమైనది. ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లను వెంటనే కూర్చోబెట్టి, జరిగినదంతా ఒకే విడతలో చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వ్యాపించింది. అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి సమీక్షిస్తే, తర్వాత వచ్చే మానసిక సమస్యలను అది ఆపలేదని తేలింది. కొందరికి కీడు కూడా జరిగింది.

కాబట్టి గుహలో ఉన్నవాడికి 'నువ్వు ఎనిమిదో మెట్టు మీదున్నావు' అని చెప్పడం సాయం కాదు. మెట్లు వెనక్కి తిరిగి చూసినప్పుడే కనబడతాయి. లోపల ఉన్నప్పుడు చీకటి తప్ప ఏమీ కనబడదు.

వెళ్లడం, దాటడం, తిరిగిరావడం అన్న క్యాంప్‌బెల్ మూడు భాగాల వెనుక ఇంకాస్త పాత పుస్తకం ఉంది. 1909లో ఫ్రెంచి పరిశోధకుడు ఆర్నాల్డ్ వాన్ జెనెప్, పుట్టుక నుంచి పెళ్లి, చావుదాకా మనుషులు చేసుకునే తంతులన్నీ మూడు దశల్లో నడుస్తాయని చూపించారు: పాతదాని నుంచి విడిపోవడం, మధ్యలో ఉండటం, కొత్తగా చేరడం. మధ్య దశకు ఆయన పేరు పెట్టింది లాటిన్‌లో గడప అనే అర్థం ఉన్న మాటతో. చదవగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. గడప మీద కూర్చోనిచ్చేది కాదు. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి డబ్బు ఇచ్చిపుచ్చుకుంటే అరిచేది. లోపలా కాదు, బయటా కాదు, అక్కడ ఉండటం మంచిది కాదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఊరికి తిరిగొచ్చిన ఏడాదంతా నేను ఆ గడప మీదే కూర్చున్నాను. విద్యార్థినీ కాదు, ఉద్యోగినీ కాదు. పెళ్లిళ్లకు పోవడం మానేశాను.

సినిమాలు ఈ కాలాన్ని ఒక పాటలో దాటించేస్తాయి. పాట మొదలైనప్పుడు పిల్లవాడు, ముగిసేసరికి పెద్దవాడు. మహాభారతం అలా చేయలేదు. అజ్ఞాతవాసపు ఒక్క ఏడాదికి ఒక పర్వం మొత్తం ఇచ్చింది. తిక్కన తన తెలుగు భారతాన్ని మొదలుపెట్టింది ఆ విరాటపర్వంతోనే, అది చదివితే వానలు పడతాయని మన ఊళ్లలో నమ్మకం కూడా ఉంది. భీముడు వంటింట్లో ఉన్నాడు, అర్జునుడు ఆట నేర్పుతున్నాడు, నకులుడు గుర్రాలు, సహదేవుడు ఆవులు చూసుకుంటున్నారు. ద్రౌపది సైరంధ్రిగా ఇంకొకరి జడ వేస్తూ, సభలో కీచకుడు తన్నినా తన పేరు చెప్పుకోలేకపోయింది. వాళ్లెవరో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది వాళ్లు చేసిన గొప్ప పనుల్లో చాలావరకు పనివాళ్లుగా చేసినవే. ఆయుధాలు జమ్మి చెట్టు మీద కట్టి పెట్టారు. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టినప్పుడల్లా నేను ఆ మూట గురించి ఆలోచిస్తాను.

క్రితం ఏడాది ఫలితాలు వచ్చిన వారానికి మా వీధిలో ఒక అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చేశాడు. మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. "నువ్వు ఇవన్నీ చూసినవాడివి, వాడికి ఏదన్నా చెప్పు నాయనా" అని వాళ్లమ్మ నన్ను పిలిచింది. వెళ్లాను. చెప్పడానికి నా దగ్గర రెండో కథ సిద్ధంగానే ఉంది, తొమ్మిది మంది పిల్లలతో సహా. ఎత్తలేదు. తిన్నావా అని అడిగాను. అరుగు మీద చాలాసేపు కూర్చున్నాం. చీకటి పడ్డాక, ఏ బస్సుకు వచ్చావన్నా నువ్వు అని అడిగాడు. చెప్పాను. ఎల్బీనగర్‌లో అట్టపెట్టె బస్సు పైన వేయనివ్వక ఒళ్లో పెట్టుకున్నానని కూడా చెప్పాను.

వాడి పెట్టె గుమ్మం పక్కనే ఉంది, తాడు విప్పలేదు.

"వీటిని ఏం చేయాలన్నా?" అన్నాడు.

నావి ఇంకా అటక మీదే ఉన్నాయని చెప్పాను.