న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందా?

తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు మలుపు దాటి రోడ్డు ఖాళీగా కనిపించగానే కొందరు గేరు తీసి న్యూట్రల్‌లో పడేస్తారు. బండి దానంతటదే పోతుంటే పెట్రోలు కాల్చడం ఎందుకని వాళ్ల లెక్క. కంప్యూటర్ లేకుండా పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బ్యురేటర్ల కాలంలో ఆ లెక్కకు కొంత ఆధారం ఉండేది. ఇప్పటి కార్లలో అది తిరగబడింది.

న్యూట్రల్‌లో ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే పెట్రోలు తాగుతూనే ఉండాలి, చిన్న కారైనా గంటకు అర లీటరు పైమాటే. అదే గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. అది పసిగట్టి కారులోని కంప్యూటర్, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం చుక్క కూడా పడదు. వేగం బాగా తగ్గి ఇంజను ఆగిపోయేలా ఉన్నప్పుడే సరఫరా మళ్లీ మొదలవుతుంది.

ఇక బ్రేకుల సంగతి. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. టన్ను బరువున్న కారు అంత ఎత్తు ఎక్కడానికే, ఇంజను సామర్థ్యం 25 శాతం అనుకుంటే, ముప్పావు లీటరుకు పైగా పెట్రోలు కావాలి. అలా కూడబెట్టిన శక్తి దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. గేరులో ఉంటే అందులో కొంత ఇంజను మింగుతుంది. న్యూట్రల్‌లో ఉంటే ఆ వాటా కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది. అవి కాగిపోతే పట్టు తప్పుతుంది. ఇంతా చేసి మిగిలేది సున్నా!

మైదానంలోనూ మైలేజీని తినేది ముఖ్యంగా బ్రేకే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న అదే కారును బ్రేకు తొక్కి ఆపితే, ఆ వేగం అందుకోవడానికి కాల్చిన పెట్రోల్లో దాదాపు 30 మిల్లీలీటర్లు వేడిగా గాలిలో కలిసిపోతాయి. లీటరు నూరు రూపాయలనుకున్నా మూడు రూపాయలు. దూరంగా టోల్ గేటో ఎర్ర సిగ్నలో కనబడగానే గేరు తియ్యకుండా కాలు ఎత్తేస్తే ఆ దూరమంతా ఉచిత ప్రయాణమే. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ఔటర్ రింగు రోడ్డు మీద కథ వేరు, అక్కడ శత్రువు గాలి. వేగం 100 నుంచి 120కి పెంచితే గాలి నిరోధం 44 శాతం పెరుగుతుంది.

ఎలక్ట్రిక్ కార్లలో మోటారే జనరేటరుగా మారి, దిగుడులో వచ్చే శక్తిలో కొంత బ్యాటరీకి తిప్పి పంపుతుంది. అయితే కొండ మీదే నిండా చార్జింగ్ పెట్టుకుని బయల్దేరితే ఆ కరెంటుకు బ్యాటరీలో చోటుండదు. మళ్లీ భారమంతా బ్రేకుల మీదే.