పచ్చబొట్టు సిరాను పట్టుకున్నదెవరు?

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

చర్మం పైపొర నెలకోసారి రాలిపోయి కొత్తది వస్తుందని బళ్లో చెప్పారు కదా, మరి నాయనమ్మ చేతి మీద పచ్చబొట్టు ఇన్నేళ్లయినా ఎందుకు పోలేదని చిన్నది ఫోనులో అడిగింది. ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

పచ్చబొట్టు సూది సిరాను పైపొరలో వదలదు, దాని కిందున్న డెర్మిస్‌లో వదులుతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లు అనే కణాలుంటాయి. సూక్ష్మజీవులనీ చచ్చిన కణాలనీ మింగడం వాటి పని. సిరాను కూడా మింగేస్తాయి గాని అరిగించుకోలేవు. 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రజ్ఞులు చిట్టెలుకలకు పచ్చబొట్టు పొడిచి, సిరా మింగిన మాక్రోఫేజ్‌లను చంపి చూశారు. బొట్టు చెక్కుచెదరలేదు. చచ్చిన కణం వదిలిన సిరాను కొత్తగా వచ్చిన కణం మింగేసింది. మా రోజుల్లో తీర్థాల్లో పచ్చబొట్టు పొడిచేవాళ్లు ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచేసేవారు. మీరు మాత్రం ఆ పని చేయించుకోకండి, హెపటైటిస్ బి అలాగే అంటుకుంటుంది.

ఇంతకీ సిరా మింగింది మాక్రోఫేజేనని వాళ్లకెలా తెలిసింది? మామూలు రంగు వేసిన స్లైడులో కణాలన్నీ ఇంచుమించు ఒకలాగే కనిపిస్తాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఒక ఊరివాళ్లందరినీ ఏరి చూపించమంటే ఎలా? ఆ ఊరివాళ్ల చేతికి మాత్రమే ఉండే కంకణం ఒక్కదాన్నే గుర్తుపట్టే కుర్రాణ్ణి పంపాలి. వాడికి ఇంకేమీ తెలియదు, కంకణం కనిపిస్తే ఆ చెయ్యి పట్టుకుని వదలడు. యాంటీబాడీ అంటే ఒక గుర్తును పట్టుకునే ప్రోటీన్. అచ్చం అలాంటి కుర్రాళ్లనే లక్షల్లో పంపితే, అదీ మోనోక్లోనల్ యాంటీబాడీ. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోహ్లర్, మిల్‌స్టైన్ యాంటీబాడీ తయారుచేసే ఒక కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తీసే దారి కనిపెట్టారు. 1984లో నోబెల్ వచ్చింది.

చిట్టెలుక మాక్రోఫేజ్‌లకు అందరూ వాడే యాంటీబాడీ పేరు ఎఫ్4/80. 1981లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్టిన్, గోర్డన్ దాని గురించి రాశారు. చిట్టెలుక మాక్రోఫేజ్‌లను రాట్ అనే పెద్ద జాతి ఎలుకకు ఎక్కించి, దాని ప్లీహం నుంచి తీసిన కణాలతో తయారుచేశారు. ఇది నాయనమ్మ చేతికి పనికిరాదు. మనిషి కణాల మీద ఆ కంకణం ఉండదు, మన మాక్రోఫేజ్‌లలో ఉండే సీడీ68 అనే ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీ కావాలి.

పని ఇలా చేస్తారు. గడ్డకట్టించిన కణజాలాన్ని క్రయోస్టాట్ అనే చల్లని కోత యంత్రంలో 6 మైక్రాన్ల మందాన కోసి, ఆరబెట్టి, చల్లని అసిటోన్‌లో 10 నిమిషాలు ఉంచుతారు. ఆ తర్వాత 0.3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 10 నిమిషాలు. చివర్లో రంగు తెప్పించేది పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, కణజాలంలోనే ఉన్న దాన్ని చంపకపోతే యాంటీబాడీ లేనిచోట కూడా రంగు వస్తుంది. తర్వాత యాంటీబాడీలు కనపడ్డచోటల్లా అంటుకోకుండా 10 శాతం మేక సీరం అరగంట. యాంటీబాడీని 1:50, 1:100, 1:200 వంతున పలచన చేసి, వేరువేరు స్లైడ్ల మీద వేసి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. నేపథ్యం తేటగా ఉండి కణం ముదురుగా కనిపించిన వంతు ఏదో అదే ఖాయం చేసుకుంటారు. స్లైడు మధ్యలో ఆరిపోయిందా, అంచులు గోధుమరంగుకు తిరిగిపోతాయి. అందుకే తడి గుడ్డ పరిచిన మూతపెట్టెలో పెట్టాలి.

మన కుర్రాడు చిన్నవాడు, జనంలో కనబడడు. అందుకని వాడిని గుర్తుపట్టే అన్నలను దీపాలిచ్చి పంపుతారు. వాళ్లు సెకండరీ యాంటీబాడీలు, మేకలో తయారైనవి, పెరాక్సిడేజ్ తగిలించినవి. డీఏబీ అనే రంగుమందు పోస్తే అవి ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. కణజాలంలో ముందే ఉండే చిట్టెలుక యాంటీబాడీ మనం పంపిన రాట్ యాంటీబాడీకి దగ్గర చుట్టం, అన్నలు పొరబడి ఊళ్లో పిల్లలందరి చేతులూ పట్టుకుంటారు. చిట్టెలుక ప్రోటీన్లతో వడకట్టిన సెకండరీయే కొనాలి. రెండోది, నిల్వ ఉండడానికి కలిపే సోడియం అజైడ్ పెరాక్సిడేజ్‌ను పనిచెయ్యనివ్వదు. సెకండరీని పలచన చేసే ద్రవంలో అది ఉంటే దీపాలు వెలగవు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మాక్రోఫేజ్ వల్లే. యాంటీబాడీల తోకలు పట్టుకునే ఎఫ్‌సీ రిసెప్టర్లు దానికి ఉంటాయి. కుర్రాడు కంకణం చూసి చెయ్యి పట్టుకున్నాడా, లేక అవతలివాడే వీడి చొక్కా పట్టుకున్నాడా? తేల్చడానికి అదే చొక్కా తొడిగిన, ఏ కంకణమూ ఎరగని ఇంకో కుర్రాణ్ణి పంపుతారు. ఎఫ్4/80 తోక, అంటే చొక్కా, రాట్ ఐజీజీ2బి అనే రకం, కాబట్టి దేన్నీ పట్టని రాట్ ఐజీజీ2బిని అదే మోతాదులో పక్క స్లైడు మీద వేస్తారు. అక్కడా దీపం వెలిగితే మొదటి స్లైడును నమ్మకూడదు. ఆ రెండో స్లైడు లేకుండా బొమ్మ చూపించేవాళ్ల మాట నేను పట్టించుకోను, మీరూ పట్టించుకోకండి.

కంకణం ఉన్నవాళ్లంతా ఆ ఊరివాళ్లేనా అంటే, అదీ పూర్తిగా కాదు. ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాల మీద కూడా ఎఫ్4/80 గుర్తు కొంచెం ఉంటుంది. ఊరివాళ్లలోనూ కొందరు కంకణం కట్టుకోరు, ప్లీహంలో మార్జినల్ జోన్ అనే అంచు భాగంలోని మాక్రోఫేజ్‌లు అలాంటివే. పచ్చబొట్టు చర్మంలో మరో తంటా, నల్లసిరా మీద గోధుమరంగు ఆనదు. ఎర్రరంగు గాని ఫ్లోరొసెంట్ రంగు గాని వాడాల్సిందే.

సెలవుల్లో అమలాపురంలోనో రాజోలులోనో కాలేజీలో చదివే అక్కని అడిగి, జువాలజీ ల్యాబులో ప్లీహం స్లైడు చూడండి. గులాబీరంగు గుజ్జు మధ్యలో ఊదారంగు ముద్దలు కనిపిస్తాయి. మాక్రోఫేజ్‌లు ఎక్కువుండేది ఆ గులాబీరంగు గుజ్జులోనే. అందులో ఏది మాక్రోఫేజో, ఏది కాదో వేలు పెట్టి చూపించి, నాకు జవాబు రాయండి.

మీ తాతయ్య