శ్రుతి జారే మోటారు

చెవికి వినిపించనంత వేగవంతమైన కంపనాలతో నడిచే అల్ట్రాసోనిక్ మోటారు ఇరుసును, కరెంటు లేనప్పుడు వేళ్లతో తిప్పబోతే అది కదలదు. దీనిలో తీగచుట్టలు గాని, అయస్కాంతాలు గాని ఉండవు. స్ప్రింగు ఒకటి రోటర్‌ను (తిరిగే భాగాన్ని) స్టేటర్ (తిరగని భాగం) మీదికి గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే ఘర్షణే ఆగినప్పుడు బ్రేకు, నడిచేటప్పుడు చోదకబలం. దీనికి గణిత నమూనా కట్టేవారి కష్టాలు చాలావరకు ఈ ఘర్షణ దగ్గరే మొదలవుతాయి.

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. వోల్టేజీ ఇస్తే స్ఫటికం ఆకారం మారుతుందని ఆ మరుసటి ఏడాది తేలింది. ఈ రెండో గుణం ఆధారంగా జపాన్‌లో తోషీకు సషీదా 1980ల తొలినాళ్లలో పురోగామి తరంగ (ముందుకు పరుగెత్తే అల) మోటారును రూపొందించారు. 1987లో కెనాన్ సంస్థ ఫోకస్ తిప్పడానికి దీన్ని కెమెరా లెన్సులో అమర్చింది.

స్టేటర్‌గా పనిచేసే లోహపు వలయం అడుగున, వోల్టేజీ ఇస్తే ఆకారం మారే పియెజో పింగాణీ పలక అతికించి ఉంటుంది. దాని మీది రెండు ఎలక్ట్రోడ్ సమూహాలను పావు తరంగదైర్ఘ్యం ఎడంగా ఉంచి, 90 డిగ్రీల దశాభేదంతో (ఒకదాని కంపనం రెండోదాని కంటే పావు ఆవర్తం వెనకగా) సెకనుకు దాదాపు 40 వేల సార్లు కంపింపజేస్తే, అవి పుట్టించే రెండు స్థిర తరంగాలూ (ఉన్నచోటే ఊగే అలలు) కలిసి వలయం చుట్టూ పరుగెత్తే ఒకే తరంగంగా మారతాయి. ఉపరితలంలోని ప్రతి బిందువూ మైక్రాన్ స్థాయి దీర్ఘవృత్తంలో తిరుగుతుంది. శిఖరాల దగ్గర బిందువుల కదలిక తరంగానికి ఎదురు దిశలో ఉంటుంది కాబట్టి, అక్కడ మాత్రమే ఆనుకుని ఉన్న రోటర్ కూడా తరంగానికి ఎదురుగానే తిరుగుతుంది. మొదటిసారి విన్నవారికి ఇది నమ్మశక్యంగా అనిపించదు.

నమూనాలో విద్యుత్ భాగం సులువే: పింగాణీని ఒక కెపాసిటర్‌గా తీసుకుని, దానికి సమాంతరంగా స్టేటర్ ద్రవ్యరాశికి బదులు ఇండక్టర్‌ను, శక్తి నష్టానికి బదులు రెసిస్టర్‌ను, స్థితిస్థాపకతకు బదులు మరో కెపాసిటర్‌ను శ్రేణిలో కలిపితే సరిపోతుంది. శిఖరం రోటర్‌ను ఎంత మేర తాకుతోంది, ఆ మేరలో ఎక్కడ పట్టి లాగుతోంది, ఎక్కడ జారుతోంది అన్నదే అసలు చిక్కు. ఇది భారాన్ని బట్టి, అరుగుదలను బట్టి మారుతూనే ఉంటుంది.

వేగాన్ని సాధారణంగా పౌనఃపున్యంతో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న దానితో, అదుపు చేస్తారు. అనునాద పౌనఃపున్యానికి (స్టేటర్ అన్నిటికంటే బలంగా కంపించే పౌనఃపున్యానికి) పైనుంచి మెల్లగా కిందికి దిగుతుంటే వేగం పెరుగుతుంది. కాస్త ఎక్కువ దిగితే కంపనం ఒక్కసారిగా పడిపోయి మోటారు ఆగిపోతుంది. తిరిగి నడపాలంటే పైకి వెళ్లి మళ్లీ దిగిరావాలి. పైగా, నడిచే కొద్దీ మోటారు వేడెక్కి, వీణ తీగ శ్రుతి జారినట్టు అనునాద పౌనఃపున్యం కిందికి జారుతుంది. మనం ఇచ్చే పౌనఃపున్యం మారకపోయినా వేగం తగ్గిపోతుంది. అందుకే వలయం మీద చిన్న పింగాణీ ముక్కను చోదక వోల్టేజీ ఇవ్వకుండా వదిలేసి, స్టేటర్ కంపనాన్ని దాని నుంచి వచ్చే వోల్టేజీ ద్వారా కనిపెడతారు. చోదక వోల్టేజీకీ దీనికీ మధ్య దశాభేదం చూస్తే అనునాదానికి ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. నియంత్రకం ఆ దూరాన్ని నిలుపుతూ పౌనఃపున్యాన్ని సరిచేస్తుంది.

దిశ మార్చడానికి దశాభేదాన్ని 90 నుంచి మైనస్ 90 డిగ్రీలకు తిప్పితే చాలు. అయితే సున్నాకు దగ్గరలో పురోగామి తరంగం బలహీనపడి, ఘర్షణను గెలవలేక రోటర్ కదలకుండా ఉండిపోతుంది. ఈ స్తబ్ధ ప్రాంతం వెడల్పు భారంతో మారుతుంది కాబట్టి ముందే లెక్కగట్టిన ఒక్క విలువతో దాన్ని దాటలేము. మోటారు నడుస్తుండగానే నియంత్రకం ఆ వెడల్పును అంచనా వేసుకుని, కావలసినంత దశాభేదాన్ని అదనంగా జోడించాలి.