లోలకం మీద పందెం: చేసి నేర్చుకునే ఫిజిక్సు గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది ఒడిశాలోని గుణుపురం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో ఆ రెండూ, వాటికి తోడు సవర. ఇక్కడి హైస్కూలు పిల్లలకి ఫిజిక్సు, ఇంజనీరింగు తొలి పాఠాలు చేతిపనులతో చెప్పడం నా ఉద్యోగం. స్టాఫ్‌రూములోనూ, తల్లిదండ్రుల దగ్గరా తరచు వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు నేను కూడా చాన్నాళ్ళు నమ్మినవే.

అపోహ: పిల్లల చేతికి సామాను ఇస్తే చాలు, సైన్సు దానంతటదే వస్తుంది

రాదు. సామాను ముట్టుకునే ముందు వాళ్ళు ఏదో ఒక పక్షాన నిలబడాలి. నేను దీన్ని పందెం అంటాను. డబ్బుల్లేవు, నోటుబుక్కులో రాసి కింద సంతకం పెట్టడమే.

ఊయలలూగే రజో పండగ వెళ్ళి బడి తెరిచాక నా మొదటి పాఠం ఎప్పుడూ ఊయలే. పిల్లల ఒంట్లో ఇంకా ఆ ఊపు దిగి ఉండదు. "పెద్దోడు కూర్చున్న ఊయల, చిన్నోడు కూర్చున్న ఊయల, ఏది బేగి వెళ్ళొస్తాది?" అని అడుగుతాను. తరగతి రెండుగా చీలిపోతుంది. రెండూ ఒకటే అనేవాళ్ళు ఏ ఏడూ ముగ్గురికి మించరు.

ఒక ఏడాది ఊయల బదులు లోలకాలు చేశాం: రెండు పురికొసలకి 50 సెంటీమీటర్ల దగ్గర ముడివేసి, ఒకదానికి ఇనుప నట్టు, ఇంకోదానికి అంతకంటే బరువైన చింతగింజల సంచీ కట్టాం. పది ఊపులకి ఎంతసేపో ఫోనులో చూశాం. (ఒక్క ఊపుకి చూడకండి. వేలు నొక్కడంలో జరిగే ఆలస్యమే అంతా తినేస్తుంది.) నట్టుకి 14.2 సెకన్లు, సంచీకి 15.0. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. "బరువైతే నెమ్మది" అన్న జట్టు బల్లలు గుద్దింది.

నాకు చెమటలు పట్టాయి. బరువుతో సంబంధం లేదని పుస్తకం అంటోంది. "చేతి తప్పులెండి, రాసుకోండి" అని దాటేద్దామని నోటిదాకా వచ్చింది కూడా. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది: "ముడి దాకా కొలిచాం కదా మాస్టారూ. సంచీ ఇంకా కిందికుంది." నిజమే. ముడి నుంచి సంచీ నడిమికి 6 సెంటీమీటర్లు. దారం అంత కుదించి మళ్ళీ ఊపితే సంచీ కూడా 14.2 దగ్గరికే వచ్చింది. లోలకం పొడవంటే బరువు నడిమి దాకా అని ఆ తరగతికి నేను ఎప్పుడూ చెప్పాల్సిన పని పడలేదు. ఆ తప్పుని ఇప్పుడు ఏటా నేనే కావాలని పెడుతున్నాను.

తర్వాతి పందెం పొడవు మీద. 25 సెంటీమీటర్లకి పది ఊపులు 10 సెకన్లు. 20 సెకన్లు కావాలంటే దారం ఎంత ఉండాలి? అందరూ 50 అంటారు. అక్కడ 14.2 వస్తుంది, మొహాలు వాడిపోతాయి. పెంచుకుంటూ పోతే మీటరు దగ్గర గానీ 20 రాదు. రెట్టింపు సమయానికి నాలుగు రెట్ల దారం. వర్గమూలం బోర్డు మీదికి రాకముందే చేతికి తెలిసిపోతుంది.

ఈ పందెం సంగతి హార్వర్డులో ఎరిక్ మజూర్ బృందం 2004లో పరీక్షించి చూసింది. ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులకి, అసలు చూడనివాళ్ళకి అవగాహనలో పెద్ద తేడా లేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పినవాళ్ళు మాత్రం ముందున్నారు.

అపోహ: తరగతి నవ్వుతూ బయటికొస్తే పాఠం వచ్చినట్టే

హార్వర్డులోనే 2019లో వచ్చిన ఇంకో అధ్యయనం దీన్ని తిరగేసింది. చేసి, చర్చించి నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తమకి తక్కువ వచ్చిందనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్ళది దీనికి ఎదురు. బుర్ర శ్రమపడితే చదువు రావట్లేదనిపిస్తుంది మరి. అంతకుముందు 1998లో రిచర్డ్ హేక్ అమెరికాలో ఆరు వేల మందికి పైగా విద్యార్థుల ఫలితాలు చూశాడు. బలం, చలనం పాఠాల్లో మొదట తెలియనిదాంట్లో మామూలు తరగతులు పావు వంతుకి కాస్త తక్కువే పూడిస్తే, పిల్లల్ని ఆలోచనలో దింపిన తరగతులు సగం దాకా పూడ్చాయి.

అపోహ: ఒడియా మీడియం పిల్లల్ని తెలుగులో మాట్లాడనిస్తే పరీక్షలో తికమక పడతారు

బలం, త్వరణం, ఘర్షణ: ఉచ్చారణలో కాస్త తేడా తప్ప ఈ మాటలు రెండు భాషల్లోనూ ఒకటే. చిక్కంతా ఇంటి మాటకీ పాఠం మాటకీ మధ్యనే. "మా నాన్న రోజంతా బస్తాలు మోసొస్తే పని సున్నా అంటారేటి మాస్టారూ?" అని ఒకడు నిలదీశాడు. కోపం న్యాయమైందే. బస్తాని పైకెత్తినప్పుడు పని జరిగింది. చదును నేల మీద ఒకే తీరుగా నడుస్తున్నప్పుడు బలం పైకి, కదలిక పక్కకి. బస్తా మీద జరిగిన పని వేరు, కండల్లో ఖర్చైన శక్తి వేరు. ఈ వాదన వాడు ఒడియాలో చేయలేడు. పందెం ఇంటి భాషలో కట్టించి, జవాబు బడి భాషలో రాయిస్తాను. ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. ఆ తర్వాత కూడా ఇదో అపోహగా మిగలడం నాకు వింతే.

అపోహ: మోడల్ చేస్తే ఇంజనీరింగే

కొట్లో కొన్న థర్మోకోల్ వంతెనకి రంగేసి తెస్తే అది బొమ్మ. నేనిచ్చేది ఒక్క ఏఫోర్ కాగితం. రెండు పుస్తకాల మధ్య 20 సెంటీమీటర్ల సందు. దాని మీద జామెట్రీ బాక్సు నిలబడాలి. చదునుగా పరిస్తే నాణేనికే జారిపోతుంది. విసనకర్రలా మడిచేసరికి బలం వస్తుంది, కానీ బాక్సు పెట్టగానే మడతలు పక్కలకి విచ్చుకుని కూలిపోతుంది. ఎక్కడ విచ్చుకుందో చూసినవాళ్ళు చివర్లకి కాగితపు పట్టీ అంటిస్తారు. అప్పుడు నిలుస్తుంది. ఇంటికెళ్ళి కప్పు మీది రేకుకి ముడతలెందుకో చూసి రమ్మంటాను. ప్లాస్టిక్ స్కేలుని అడ్డంగా, నిలువుగా వంచి చూసినా తెలుస్తుంది: వంచే వైపు మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లవుతుంది.

అపోహ: లాబ్ లేకపోతే కుదరదు

ఒడిశాలోని ఖండపడాకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త పఠాణీ సామంత వెదురు, కర్రలతో చేసుకున్న సాధనాలతో ఆకాశాన్ని కొలిచాడు. ఆయన మానయంత్రం లాంటి టీ ఆకారపు కర్రతో మా పిల్లలు నీళ్ళ ట్యాంకు ఎత్తు కొలుస్తారు. అలాగని పనికిరాని సామానుతోనే అంతా అయిపోతుందనీ నేననను. మంచి స్ప్రింగు త్రాసు, మల్టీమీటరు కొనాల్సిందే. ఇంకోటి: టార్చి బల్బులు బజార్లో దొరకడం తగ్గింది. వాటి బదులు ఎల్‌ఈడీ పెట్టి ఒక్క సెల్లుతో వెలిగించమనకండి. ఎర్రదానికి కూడా సుమారు 2 వోల్టులు కావాలి. రెండు సెల్లులు, 100 ఓముల రెసిస్టరు పెట్టండి, కాళ్ళు తారుమారు కాకుండా చూడండి.

సిలబస్ సంగతంటారా, నిజమే, ఆలస్యమవుతుంది. అందుకే ఇలాంటి పాఠాలు ఏడాదికి పన్నెండే చేస్తాను. మిగతావి బోర్డు మీదే.

ఈసారి ఊయల పాఠం అయ్యాక ఒకడు అడిగాడు: "ఎవరూ తొయ్యకపోయినా, నిలబడి కూర్చుంటూ ఉంటే ఊయల పైకెలా పోతాది?" రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టంలోంచి దారం దూర్చి, కింద నట్టు కట్టాను. నట్టు అడుగుకి వచ్చినప్పుడల్లా దారం కాస్త పైకి లాగాలి, చివరికి వెళ్ళినప్పుడు వదలాలి. తప్పు వేళకి లాగితే ఊపు చచ్చిపోతుంది. ఇప్పుడది వాడి చేతిలో ఉంది, మూడు రోజులుగా వెనక్కివ్వలేదు.