బడి ఇంటి పక్కనే ఉంటే సీటు ఖాయమేనా? సేతు కౌంటర్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మహారాష్ట్రలోని బల్లార్షాలో నాది చిన్న సేతు కేంద్రం, అంటే సర్కారు ఫారాలు ఆన్‌లైన్‌లో నింపిపెట్టే చోటు. ఆర్టీఈ (విద్యా హక్కు చట్టం) ఫారాలు మొదలయ్యాయంటే పొద్దున షట్టర్ ఎత్తకముందే నలుగురైదుగురు బయట నిలబడి ఉంటారు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, తాతల కాలంలో గనుల్లో, పేపర్ మిల్లులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, కాగితాలన్నీ మరాఠీ. దాంతో దూరం సంగతి ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరేసరికి ఎక్కడో తేడా కొడుతుంది.

అపోహ: "బడి మా ఇంటి ముందల్నే ఉన్నది అన్నా, మాకు కాక ఎవరికిస్తరు?"

ఎయిడ్ లేని ప్రైవేటు బళ్లలో ప్రవేశ తరగతి సీట్లలో 25 శాతం ఈ చట్టం కింద పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మహారాష్ట్రలో ఇంటి నుంచి 1 కిలోమీటరు లోపు ఉన్నవాళ్లది మొదటి వరుస. తర్వాత 1 నుంచి 3 కిలోమీటర్లవాళ్లు, ఇంకా మిగిలితే ఆపైవాళ్లు. కానీ ఒకే వరుసలో 200 మీటర్లకూ 900 మీటర్లకూ తేడా లేదు. సీట్ల కంటే ఫారాలు ఎక్కువొస్తే లాటరీయే, ఇక్కడి మాటలో సోడత్. బడి గోడకు ఆనుకున్న ఇంటి పిల్లకు రాకుండా నాలుగు గల్లీల అవతలి పిల్లాడికి రావచ్చు. "మరి దగ్గరుండి ఏం లాభం?" అని కోప్పడతారు. మీ చీటీ మొదటి డబ్బాలో పడుతుంది, లాభం అంతవరకే.

ఒకామె స్క్రీన్ వైపు వేలు చూపించి, "ఆ కాన్వెంట్ గంట మా వంటింట్లకు వినిపిస్తది, లిస్టులో ఎందుకు లేదు?" అని గట్టిగా అడిగింది. అది మైనారిటీ సంస్థ బడి. 2014లో సుప్రీంకోర్టు అలాంటి బళ్లకు ఈ చట్టం వర్తించదని చెప్పింది. వాటికి మీరెంత దగ్గరున్నా ఒకటే.

అపోహ: దూరం ఆఫీసువాళ్లు వచ్చి కొలుస్తారు.

కాదు. ఫారంలో మ్యాప్ మీద మీరు పెట్టే గుర్తే మీ ఇల్లు. అది ఎక్కడుంటే లెక్క అక్కడి నుంచే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక లారీ డ్రైవరన్న ఫారం నింపుతూ, తొందరలో 'ప్రస్తుత లొకేషన్' నొక్కేశాను. గుర్తు పోయి నా షాపు మీద కూర్చుంది. వాళ్ల ఇల్లేమో ఊరి చివర. లాటరీలో పాప పేరొచ్చింది, మిఠాయి కూడా తెచ్చిచ్చాడు. కాగితాల పరిశీలనలో కరెంటు బిల్లు మీద ఒక చిరునామా, మ్యాప్‌లో ఇంకోటి. సీటు పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటినుంచి మ్యాప్‌ను పెద్దది చేసి, "ఇదేనా మీ గల్లీ? ఇదేనా మీ నీళ్ల ట్యాంకు?" అని రెండుసార్లు అడిగాకే సబ్మిట్ నొక్కుతున్నాను.

అపోహ: బావమరిది ఇంటి పేరు మీద అద్దె కాగితం రాయించుకుంటే చాలు.

స్టాంపు పేపరు మీద రాసుకున్నది చెల్లదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, కనీసం 11 నెలలది కావాలి, ఫారం నింపేనాటికే అయి ఉండాలి. నిజంగా అక్కడ ఉండట్లేదని తేలితే ప్రవేశం రద్దు. దూరానికి సంబంధం లేకపోయినా మనవాళ్లను ముంచే సంగతి ఇంకోటి: మంచిర్యాలలోనో ఆసిఫాబాద్‌లోనో తీసుకున్న కులం సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు, మహారాష్ట్రదే కావాలి.

అపోహ: కిలోమీటరు లోపు సర్కారు బడి ఉంటే ప్రైవేటులో ఇవ్వరు.

2024 ఫిబ్రవరిలో అలాంటి నియమం వచ్చిన మాట నిజమే. మే నెలలో బాంబే హైకోర్టు ఆపింది, జులైలో కొట్టేసింది. ఆ ఏడాది ఫారాలు మళ్లీ నింపాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌లో విన్న మాటనే కొందరు ఇంకా పట్టుకుని ఉన్నారు.

అపోహ: ఒకసారి సీటొస్తే పదో తరగతి దాకా ఫికర్ లేదు.

ఉచితం 8వ తరగతి వరకే. తొమ్మిదిలో అదే బడిలో ఉంటే ఫీజు మీదే. ఈ సంగతి 1వ తరగతి ఫారం నింపేరోజే చెబుతాను, ఎవరూ వినరు. బడి ఇంటికి ఎంత దూరంలో ఉండాలో ఈ చట్టం కింది నియమాలు చెప్పేది కూడా 8 దాకానే: 5 దాకా 1 కిలోమీటరు, 6 నుంచి 8కి 3 కిలోమీటర్లు. 5 కిలోమీటర్లలో హైస్కూలు అన్నది 2009లో వచ్చిన కేంద్ర పథకం పెట్టుకున్న లక్ష్యం మాత్రమే. గడ్చిరోలి జిల్లా సిరొంచా వైపు పల్లెల్లో హైస్కూలు చదువు ఆగేది సీటు లేక కాదు, చేరుకోలేక. అక్కడ దూరం అంటే వానాకాలం వాగు.

అందుకని ఆడపిల్లల తల్లిదండ్రులకు రెండు చెబుతాను. ఊళ్ల నుంచి వెళ్లే అమ్మాయిలకు 12వ తరగతి దాకా ఎస్టీ (మహారాష్ట్ర సర్కారు) బస్సు పాసు ఉచితం. మానవ వికాస్ అనే రాష్ట్ర పథకం కింద ఉన్న తాలూకాల్లో, బడికి 5 కిలోమీటర్ల లోపు ఉండే 8 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు సైకిల్ కూడా ఇస్తారు. రెండింటికీ నా కౌంటర్‌తో పని లేదు, బడిలో హెడ్‌మాస్టర్‌ను అడగండి. జూన్‌లోనే అడగండి.